నిత్యపాఠభావనలు: వాక్యార్థవిచారము

హీబ్రూలేఖనములను, క్రైస్తవలేఖనములను దినమునకుఁ గొంతభాగముగాఁ బంచుకొని చదువుటయుఁ, జదివిన వాక్యముపై నొక చిన్న వ్యాఖ్యను మననము సేయుటయు బహుశతాబ్దములనుండి వచ్చుచున్న యాచారము. ఈ యాచారమునుండి యొక ప్రత్యేకవాఙ్మయము పుట్టినది. సంవత్సరమునకు దినము లెన్నియో పుట లన్ని, పుటతలపైఁ దేది, తేదిక్రింద నొక వాక్యము, వాక్యముక్రిందఁ గొన్ని పఙ్క్తుల భావన, తుద నొక ప్రార్థన. దీనిని నిత్యపాఠభావన యనవచ్చును. భక్తులు దీనిని శ్రద్ధతోఁ జదువుదురు. విమర్శకులు చదువుట యరుదు. భాష్యము కాదని కొందఱు, కావ్యము కాదని కొందఱు దీనిని విడిచివేయుదురు. కాని యనేకగృహములలోఁ బ్రాతఃకాలమున మొట్టమొదటఁ జదువఁబడు గద్య మిదియే. దుఃఖితులు, రోగులు, మరణాసన్నులు నమ్మి చేతఁబట్టుకొను పుట యిదియే. అట్టిదాని గుణదోషములను నిర్ణయించుట కావ్యవిచారముకంటెఁ దక్కువ ప్రయోజనము గలది కాదు.

ఇందు విచారింపవలసిన ప్రశ్న యొక్కటి. ఒకకాలమున నొకరి నుద్దేశించి చెప్పఁబడిన వాక్యమును దాని ప్రకరణమునుండి తీసి, నేఁటి చదువరికే చెప్పినట్లుగా నన్వయించుట న్యాయమా? న్యాయమైనచో దాని కవధి యెయ్యది? వాక్యార్థనిర్ణయమున భారతీయశాస్త్రములు చేసిన పరిశ్రమ యీ ప్రశ్నకుఁ జాల నుపకరించును. అంతకుముందు, దినపాఠము చదువరికెట్లు లభించుచున్నదో తెలిసికొనవలయును. అది మూఁడువిధములు: క్రమమువలన లభించునది, చీటివలన లభించునది, గ్రంథకర్త యెన్నికవలన లభించునది.

క్రమపఠనము వీనిలోఁ బ్రాచీనతమము. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ యధ్యాయమున ఎజ్రా యనునతఁడు నీటిగుమ్మమునెదుటి బయలునందుఁ బ్రజలను గూర్చి, ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు ధర్మశాస్త్రమును జదివి వినిపించెననియు, లేవీయులు దాని యర్థమును బ్రజలకుఁ దెలిపిరనియుఁ గలదు. అక్కడఁ బఠనము ముందు, అర్థకథనము పిదప. యూదుల సమాజమందిరములయం దీ క్రమము స్థిరపడినది. మోషేకృతములుగాఁ జెప్పఁబడు నైదుగ్రంథములను 54 భాగములుగా విభజించి వారమువారముఁ జదివి, సంవత్సరమున ముగించి, ముగించిన దినముననే మరల మొదటినుండి యారంభింతురు. పూర్వము పాలస్తీనాదేశమున నీ పఠనము దాదాపు మూఁడుసంవత్సరములకుఁ బూర్తియగుచుండెడిది. కాలము భిన్నమైనను, భాగమువెనుక భాగము వచ్చుట యుభయత్ర సమానము.

ఆ పాఠమును గాపాడిన హీబ్రూపండితుల స్వరచిహ్నములు వైయాకరణులకు మిక్కిలి యాదరణీయములు. అవి గానమునకు మాత్రమే యుద్దేశింపఁబడినవి కావు. ఏ పదము దేనితోఁ గలియునో, యెచ్చట విరామమో కూడఁ దెలుపును. యెషయా గ్రంథము నలువదియవ యధ్యాయము మూఁడవ వచనమునందు ‘అరణ్యమునందు’ అను నర్థముగల పదము కలదు. హీబ్రూస్వరములను బట్టి మార్గమును సిద్ధపఱచు స్థలము అరణ్యము. గ్రీకుభాషాంతరము ననుసరించిన సువార్తలయందుఁ బిలుచువాఁ డరణ్యమునం దున్నవాఁడు. పద మొక్కటియే, విరామము మాఱఁగా నన్వయము మాఱినది. ఇంద్రశత్రుశబ్దమున స్వరము తప్పుటచే నర్థము తలక్రిందైన కథను మహాభాష్యమునఁ జదివినవారికి దీని ప్రాముఖ్యము వేఱుగఁ జెప్పవలసిన పని లేదు. వాక్య మెచ్చట మొదలై యెచ్చట ముగియునో యెఱుఁగక చేసిన భావన యెంత భక్తిపూర్ణమైనను బునాదిలేని గోడయే యగును.

క్రైస్తవులయందు బెనెడిక్టు మునీశ్వరుని నియమము ఆఱవశతాబ్దమునఁ గీర్తనలు నూటయేఁబదియు వారమునకొకమాఱు ముగియునట్లు విధించినది. 1549లో వెలువడిన యాంగ్లసంఘపు ప్రార్థనగ్రంథము వానినే మాసమునకు విభజించి, ముప్పది యుదయములకు, ముప్పది సాయంకాలములకుఁ బంచిపెట్టినది. ఈ విభాగమున నొక విశేషము గలదు. కీర్తనలలో నెనుబదియెనిమిదవది యత్యంతశోకమయము. తుదివఱకు నాశారేఖయే పొడచూపక చీఁకటితోనే ముగియును. అది ప్రతిమాసము 17వ దినమున నుదయకాలమునఁ బఠింపవలసివచ్చును. బబులోనుచెఱలోనివారి రోదనముతో మొదలై భయంకరమైన ప్రతీకారవాంఛతో ముగియు 137వ కీర్తన 28వ దినపు సాయంకాలమునకు వచ్చును. చదువరి సంతోషమున నుండనీ, దుఃఖమున నుండనీ, క్రమ మతని మనస్సు నడుగదు. తన కిష్టమైనది మాత్రమే చదువుకొనెడి స్వాతంత్ర్యము నది హరించును. ఆ హరణమే దాని మేలు. 1971లో వెలువడిన రోమనుసంఘపు నిత్యప్రార్థనగ్రంథము 58, 83, 109 సంఖ్యల కీర్తనలను బూర్తిగాను, 137వ దాని తుదివచనములను విడిచిపెట్టినది. శాపవాక్యములు ప్రార్థనయందుఁ గలిగించు క్లేశమే దీనికిఁ గారణము. కారణము దయార్ద్రమే, కాని విడిచిన వచనముతోఁ గూడ, అట్టి కోపము నెఱిఁగిన పీడితుఁడును బుటనుండి తొలఁగిపోవుచున్నాఁడని గమనింపవలయును.

స్కాట్లండునందలి డండీపట్టణపు బోధకుఁడు రాబర్టు మర్రే మక్‌చేన్ 1842లో రచించిన పఠనపట్టిక దినమునకు నాలుగధ్యాయములుగా నేర్పడినది. దానివలన సంవత్సరమునఁ బూర్వనిబంధన మొకమాఱు, నూతననిబంధనయుఁ గీర్తనలును రెండుమాఱులు ముగియును. పట్టికను గూర్చినవాఁడే దానివలని యపాయములనుఁ గూడఁ బేర్కొనుట ప్రశంసనీయము: పఠనము యాంత్రికమగును, చదివితిమను గర్వము పుట్టును, భాగము ముగించుటయే ప్రయోజనమని తోఁచును, కొందఱకు భారమగును. పారాయణమును విధించువాఁడు పారాయణదోషముల నింత నిర్మొగమాటముగఁ జెప్పుట యరుదు.

రెండవవిధము చీటి. సాక్సనీదేశమున హెర్న్‌హూట్ గ్రామమునఁ గౌంటు జిన్‌ట్సెన్‌డోర్ఫ్ ప్రభువు నాశ్రయమున వెలసిన సహోదరసంఘమువారు 1728లో దినమున కొక వాక్యమును ఇంటింటికిఁ దెలుపు నాచారము నారంభించి, 1731వ సంవత్సరమునకు దానిని మొదటిమాఱు ముద్రించిరి. ఆ చిన్నపుస్తకము నేఁటివఱకుఁ బ్రతిసంవత్సరము వెలువడుచు, యేఁబదికి మించిన భాషలలోఁ బ్రచారమున నున్నది. పూర్వనిబంధననుండి యేర్చియుంచిన సుమా రొకవేయి యెనిమిదివందల వచనములలో దినమున కొక్కటి చీటివలన నిర్ణయింపఁబడును. దానికిఁ దగిన నూతననిబంధనవాక్యమును మాత్రము సంపాదకులు వెదకి జతపఱతురు. తెలుఁగుదేశపుఁ గ్రైస్తవసంఘములలో నూతనసంవత్సరారంభమున వాగ్దానవచనమును దీసికొను నాచార మిట్టిదే. రామాయణమును దెఱచి శకునము చూచుకొను గృహస్థులకు నిది క్రొత్త గాదు. చీటియందు నొక గుణము, నొక దోషము గలవు. చదువరి కోరికకుఁ జోటులేకుండుట గుణము. వచనము పూర్వాపరములనుండి యూడివచ్చుట దోషము.

మూఁడవవిధము గ్రంథకర్త యెన్నిక. లండనునగరపు బోధకుఁడు చార్లెస్ స్పర్జన్ 1865లో నుదయభావనలను, 1868లో సాయంభావనలను బ్రకటించెను. ఇట్టిగ్రంథములయందు వచనము నెన్నుకొనువాఁడు, భావించువాఁడు నొక్కఁడే. క్రమము లేదు, చీటి లేదు, రుచియే ప్రమాణము. కాఁబట్టి వాక్యార్థపరీక్ష వీనియందే మిక్కిలి యవసరము.

ఇఁక శాస్త్రము. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గలిగిన పదసమూహము వాక్యము. ఆకాంక్ష తీఱనిది వాక్యము కాదు. నేఁడు లేఖనములం దగపడు వచనసంఖ్యలు వాక్యసంఖ్యలని యనేకులు భ్రమింతురు. నూతననిబంధనమున నీ వచనసంఖ్యలు రాబర్టు ఎస్తియెన్ అను ముద్రాపకుఁడు 1551లోఁ జేర్చినవి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి యధ్యాయమున మూఁడవవచనమునుండి పదునాల్గవవచనమువఱకు గ్రీకుభాషయం దొక్కటే మహావాక్యము. కాదంబరిలోని దీర్ఘవాక్యమునందువలె విశేషణములు విశేషణములనుండి పుట్టుచు, నన్నియు నొక్క స్తుతియందుఁ బర్యవసించును. ఆ పండ్రెండువచనములను బండ్రెండుదినములకుఁ బంచి, యొక్కొక్కదానిని స్వతంత్రవాక్యముగ భావించినవాఁడు కొమ్మలను నఱికి, యొక్కొక్కదానికి వృక్షమని పేరుపెట్టినవాఁ డగును.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య యనువానిలో ముందుది తరువాతిదానికంటె బలవత్తరమని జైమినిమతము. వాక్యము ప్రకరణముకంటె బలవత్తరమైనపుడు, ప్రకరణమును విడిచి వాక్యమాత్రమును గ్రహించుటయందు దోషమేమి? దీనికి సమాధానము: ఆ బలాబలవిచారము పూర్ణవాక్యమును గూర్చినది, సాకాంక్షమైన ఖండమును గూర్చినది కాదు. ఈ భేద మొక ప్రసిద్ధోదాహరణమున స్పష్టమగును.

యిర్మీయా గ్రంథము ఇరువదితొమ్మిదవ యధ్యాయము పదునొకండవ వచనము గోడపంచాంగములయందు, భావనాగ్రంథములయందు విరివిగాఁ గానవచ్చునది. భగవంతుఁడు తనవారి విషయమునఁ దలంచినది కీడు గాదనియు, క్షేమమనియు, భావికాలమున నాశ కలదనియు దాని తాత్పర్యము. ఉద్యోగార్థికిని, విద్యార్థికిని, వ్యాధిగ్రస్తునికిని దీనిని జూపి, శీఘ్రముగ శుభము కలుగునని భావన సేయుదురు. మూలమును జూడవలయును. ఆ వచనము హీబ్రూభాషయందు హేతువాచకమైన యవ్యయముతో నారంభమగుచున్నది. హేతువు వచ్చినపుడు దేనికి హేతువను నాకాంక్ష తప్పదు. అందలి ‘మీ’ యను సర్వనామము సంబోధితుల నపేక్షించును. ఈ రెండాకాంక్షలును బూర్వవచనములయందుఁ గాని తీఱవు.

సంబోధితులు క్రీ.పూ. 597లో యెకొన్యారాజుతోఁగూడ బబులోనునకుఁ జెఱగొనిపోఁబడినవారు. పదియవవచనము బబులోనునకు డెబ్బదియేండ్లు నిండినపిదపఁ గాని మరలివచ్చుట లేదని చెప్పుచున్నది. అనఁగా నా యుత్తరమును విన్న పెద్దలలోఁ బెక్కండ్రు పరదేశముననే మరణింపవలసినవారు. వారికి విధింపఁబడినది యేమి? ఇండ్లు కట్టుకొనవలయును, తోఁటలు నాటవలయును, పిల్లలకు వివాహములు చేయవలయును, తమ్ము చెఱపట్టిన నగరముయొక్క క్షేమమునకై ప్రార్థింపవలయును. దీర్ఘకాలము నోర్చుకొని జీవించు నుపాయమును జెప్పి, యా యోర్పునకు హేతువుగా నాశను జెప్పిన వాక్యమది.

దీనికిముందటి యధ్యాయమును జూచినచో విషయము మఱింత గంభీరమగును. హనన్యా యను ప్రవక్త రెండుసంవత్సరములలోనే చెఱ తీఱునని ప్రజలకుఁ జెప్పెను. అట్లయిన మేలే యని యిర్మీయా మొదట ననెను. పిదప నా మాట భగవంతుఁడు పంపినది కాదని ఖండించెను. ప్రజలకు హనన్యా వాక్యము ప్రియము. యిర్మీయా వాక్యము హితము. డెబ్బదియేండ్లను దీసివేసి క్షేమమును మాత్రము మిగిల్చిన భావన, యిర్మీయా నోటఁ బలికించుచున్నది హనన్యా మాటనే. ఇంతకంటె విపరీతమైన యర్థపరిణామము మఱి యుండదు. ఈ దోషము పండితులను బాధించునదియే కాదు. శీఘ్రశుభమని నమ్మిన రోగికి శుభము రాకున్నచో, వాఁడు తన విశ్వాసమునైన నిందించుకొనును, దైవమునైన నిందించును. తప్పువ్రాసిన పుటను మాత్రము నిందింపఁడు. పూర్ణవాక్య మతనికిఁ జెప్పియుండెడిది వేఱు: కష్టము దీర్ఘమైనను నింటిని గట్టుకొనుము, తోఁటను నాటుము అని. ఆ యూఱట చిన్నది గాదు. కాని దానిని జదువరికి దక్కనీయలేదు.

స్పర్జను గ్రంథమునం దిట్టి స్థూలదోషము మొదటిపుటయందుఁ గానరాదు. సూక్ష్మవిచారణకుఁ దగిన స్థలము మాత్రము కలదు. జనవరి 1వ తేది యుదయమునకు అతఁ డెన్నుకొన్నది యెహోషువ గ్రంథము ఐదవ యధ్యాయము పండ్రెండవ వచనము. ఇశ్రాయేలీయులు కనానుదేశపుఁ బంట నా సంవత్సరమునఁ దినిరని యందుఁ గలదు. సంవత్సరప్రథమదినమునకు సంవత్సరశబ్దముగల వచనము నెన్నుకొనుట యౌచిత్యమే. ఆ జనుల గుడారములు, సర్పములు, అమాలేకీయులతోడి యుద్ధము నన్నిటిని స్మరింపఁజేసి, యాత్ర ముగిసెను, విశ్రాంతి దొరకెను అని చెప్పి, యీ సంవత్సరమునఁ జదువరికో గ్రంథకర్తకో పరలోకవిశ్రాంతి కలుగవచ్చునని యతఁడు సూచించును. క్రొత్తసంవత్సరపుఁ దొలిపుటలో మరణమును భయంకరముగఁ గాక గృహప్రవేశమువలెఁ జూపుట సామాన్యప్రతిభకు సాధ్యము కాదు. వెనుకటి ప్రకరణమంతయు నా చిన్నపుటయందు సజీవముగ నున్నది.

కాని ముందరి ప్రకరణ మేమైనది? ఆ వచనముననే మన్నా నిలిచిపోయెనని కలదు. ఇఁకమీఁదట నాహారము దున్ని పండించుకొనవలసినదే. ఆఱవయధ్యాయము తెఱవఁగనే యెరికో ప్రాకారము లెదురగును. దేశమునకు యుద్ధవిశ్రాంతి కలిగెనని యా గ్రంథము చెప్పునది పదునొకండవ యధ్యాయాంతమున. కాఁబట్టి పండ్రెండవవచనము విశ్రాంతివచనము కాదు. ఆశ్రయము మాఱి బాధ్యత యారంభమైన సంధిస్థలము. క్రొత్తసంవత్సరమునకు నీ యర్థమే యింకను దగియుండెడిది. స్పర్జను వెనుకకుఁ జూచి ముందునకుఁ జూడలేదు. అతని దోషము ప్రకరణపరిత్యాగము కాదు, ప్రకరణార్ధగ్రహణము. యిర్మీయావచనమును వాడినవారి దోషముతో దీనిని సమానముగ నెంచరాదు.

ఇంతవఱకుఁ జెప్పినదానిని బట్టి, వాక్యమును దాని చారిత్రకసంబోధితులకే విడిచి, నేఁటి చదువరికి నన్వయింపనే రాదని సిద్ధాంతము చేయవచ్చునా? అట్లయినచో భావనావాఙ్మయమే నశించును. భక్తుఁడు చరిత్రకారుఁడు మాత్రమే యగును. దీనికిఁ బ్రత్యుదాహరణముగా జర్మనుదేశపు వేదాంతి డీట్రిఖ్ బోన్‌హోఫర్ చరిత్రమునుండి యొక్క దినము చాలును.

అతఁడు 1939 జూను 12వ తేదిన న్యూయార్కు చేరెను. జర్మనీలో నతనికిఁ గలుగనున్న యాపదను దప్పింపఁ గోరి మిత్రు లక్కడ నతనికి స్థాన మేర్పఱచిరి. రాబోవు యుద్ధకాలమునఁ దనవారికి దూరముగ నుండుట తగునా యను సంశయ మతనిని వేధించెను. కొలఁదిదినములలోనే యా స్థానమును నిరాకరించెను. ఐనను మనస్సు కుదుటఁబడలేదు. జూను 26వ తేదిన యాదృచ్ఛికముగా తిమోతికి వ్రాసిన రెండవపత్రిక నాలుగవ యధ్యాయమును జదివి, చలికాలమునకు ముందుగా రమ్మను పౌలు మాట తన్నుఁ బట్టుకొన్నదని దినచర్యయందు వ్రాసికొనెను. దానిని దనకుఁ జెప్పఁబడినదానిగా గ్రహించుట లేఖనమును దుర్వినియోగపఱచుట కాదని కూడ నందే తలంచెను. జూలైమాసారంభమున నతఁడు ఓడ నెక్కెను. సెప్టెంబరు 1న యుద్ధ మారంభమయ్యెను. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరమున నతఁ డురితీయఁబడెను.

పౌలు పత్రికయందా వాక్యమునకు రహస్యార్థ మేదియు లేదు. బంధితుఁడైన వృద్ధుఁడొకఁడు తన శిష్యుని రమ్మనుచున్నాఁడు. త్రోయలోఁ గర్పునొద్ద విడిచిన యంగీని, పుస్తకములను దెమ్మనుచున్నాఁడు. తోడివారు విడిచిపోయి రని చెప్పుకొనుచున్నాఁడు. చలికాలము రాకముందే రమ్మనుచున్నాఁడు. బోన్‌హోఫ రీ యర్థమును గాదనలేదు. దుర్వినియోగము కాదని తన్నుఁ దాను సమాధానపఱచుకొనుటయే యా వాక్యము మఱియొకరికిఁ జెప్పఁబడినదని యతఁ డెఱుఁగుననుటకు సాక్ష్యము. వాచ్యార్థము చెక్కుచెదరక నిలిచియున్నది. దానినుండియే వేఱొక యర్థము స్ఫురించినది: ఆపదలో నున్నవారు పిలుచుచున్నారు, కాలము మించకముందే పోవలయునని.

ఆలంకారికులు దీనిని జక్కఁగా నెఱుఁగుదురు. ‘సూర్యుఁ డస్తమించెను’ అను వాక్యము విన్నవారిలో గోపాలుఁ డావులను మరల్పవలయునని, వైదికుఁడు సంధ్య వార్పవలయునని, బాటసారి మజిలీ చేయవలయునని గ్రహింతురు. సూర్యాస్తమయ మబద్ధమైనచో వారి గ్రహణములన్నియు నబద్ధములే. వాచ్యము వివక్షితమై యుండి, యన్యమునందుఁ బర్యవసించు ధ్వని యిది. వెలుఁగు గోరువాఁడు దీపశిఖను గాపాడుకొనునట్లు, వ్యంగ్యార్థమును గోరువాఁడు వాచ్యార్థమును గాపాడుకొనవలయునని యానందవర్ధనుని మతము. లక్షణయందైనను ముఖ్యార్థమునకు బాధ కలిగినప్పుడే, సంబంధముండినప్పుడే, రూఢియో ప్రయోజనమో యుండినప్పుడే యర్థాంతరగ్రహణము. యిర్మీయావచనమున ముఖ్యార్థమునకు బాధయే లేదు, డెబ్బదియేండ్లు స్పష్టములు. బాధ లేకయే వానిని ద్రోసివేసిన భావన ధ్వని కాదు, లక్షణ కాదు; దీపము నార్పి వెలుఁగు గలదనుట.

బోన్‌హోఫ రీ వివేకము నొక్కదినమున సంపాదింపలేదు. 1935 మొదలు 1937లో నాజీ రక్షకభటులు మూయించువఱకు నతఁడు నడపిన ఫింకెన్‌వాల్డె బోధకవిద్యాలయమున విద్యార్థులు ప్రతిదినము నర్ధగంటసేపు మననము సేయుచుండిరి. వారమంతయు నొకే చిన్నభాగము. ఇట్లు చిన్నభాగమును మననము సేయించినవాఁడే, 1939లోఁ బ్రకటించిన సహవాసజీవనగ్రంథమున, దినమున కేర్పడిన చిన్నవాక్యములు సమగ్రలేఖనపఠనమునకు బదులు కాఁజాలవనియు, గ్రంథములను వరుసగాఁ జదువవలయుననియు బోధించెను. అవిచ్ఛిన్నపఠనమున లభించిన ప్రకరణజ్ఞానము ఖండపఠనమును గాపాడును. పారాయణము లేనివానికి మననము ప్రమాదము. మననము లేనివానికిఁ బారాయణము శ్రమమాత్రము.

కాఁబట్టి నిత్యపాఠభావనను బరీక్షించువా రడుగవలసినవి మూఁడు. మొదటిది: ఉదాహరించిన ఖండము నిరాకాంక్షమా? హేతువు, సర్వనామము, సంబంధవాచకము దేని నపేక్షించుచున్నవో పుటయందుఁ జెప్పఁబడినదా? రెండవది: భావనయందలి యర్థము వాచ్యముపై నిలిచియున్నదా, వాచ్యమును జంపి దాని యాసనముపైఁ గూర్చున్నదా? మూఁడవది: సంవత్సరపుఁ బుటలన్నిటిని గలిపి చూచినచో, చీఁకటితో ముగియు కీర్తనకును, చెఱలోనివారి కోపమునకును నందొక తేది గలదా? మూఁడు వందల యఱువదియైదు దినములును వాగ్దానములే యైన గ్రంథము మనుష్యుని సంవత్సరమును బోలినది కాదు.

ఈ పరీక్షలను బాఠశాలలయందలి పండితులు విద్యార్థులచేఁ జేయించినచో వానివలన లాభము లేఖనములకే పరిమితము గాదు. గీతాశ్లోకమును, సుభాషితమును, శతకపద్యపాదమును బ్రకరణమునుండి తుంచి గోడలపై వ్రాయు నలవాటు సర్వత్ర గలదు. అచ్చటను వక్త యెవఁడు, శ్రోత యెవఁడు, ముందువాక్య మెయ్యది యని యడుగుట నేర్పవలయును. నిత్యపాఠమునం దొక దినమునకు లభించునది యొక వాక్యమే కావచ్చును. ఆ వాక్యమైనఁ బూర్ణముగ లభింపవలయును. డెబ్బదియేండ్లు తప్పవని విన్నపిదపఁ దోఁట నాటినవాని యాశయే యిర్మీయా చెప్పిన యాశ.